అట్టముక్క

ఉప్పల్ రింగు రోడ్డు మలుపులో ఎర్ర బోర్డు:
ఇరవై నిమిషాల్లో ఆయిల్ మార్పు.
నా మందుల షాపు తెరవడానికి ఇంకా అరగంట.
లెక్క సరిపోయింది.

కుర్రాడి చొక్కా మీద పేరు బిళ్ల: వినీల్.
"కూర్చోండి మేడమ్, కాఫీ తాగండి" అంటూ
బానెట్ కంటే ముందు గోడ గడియారం చూశాడు.
కాగితం కప్పు చల్లారేలోపే
దుమ్ము కొట్టుకుపోయిన ఫిల్టరొకటి పట్టుకొచ్చాడు,
అంచున పసుపు మరక.
"మీ బండిదే, చూడండి."
చూశాను. నాకేం తెలుసు?
మా కౌంటర్ ముందు పెద్దాయనలు ఊపినట్టే తల ఊపాను.

పందొమ్మిదో నిమిషానికి
అద్దం మీద స్టిక్కరు, రసీదు మీద ముప్పై రెండు టిక్కులు.
బ్రేకులు చూశారట, బెల్టు చూశారట,
పంక్చర్ షాపులో వదిలేసి వచ్చిన నా స్టెప్నీకి
గాలి కూడా చూశారట.
అది చదివి నవ్వుకున్నాను గానీ
అప్పుడైనా ఆగలేదు.

పదకొండో రోజు ఎల్బీనగర్ నుంచి వస్తుంటే
స్టీరింగు వెనక వెలిగింది,
ముక్కు చివర చుక్క రాలుతున్న చిన్న నూనె దీపం.
సెన్సారేమోలే అనుకున్నాను.
నాగోలు దాకా అలాగే అనుకుంటూ వచ్చాను.
వంతెన మధ్యలో
డబ్బాలో గులకరాళ్లు ఆడించిన చప్పుడు,
తర్వాత అదీ లేదు.
కింద మూసీ వాసన,
వెనక ఆర్టీసీ బస్సు హారను,
దానికి తోడు ఊరంతటి హారను.

రామంతాపూర్ బాలనర్సు
బండి కింద దూరి గంటసేపు బయటికి రాలేదు.
మనిషి ఉన్నాడా అని రెండుసార్లు చెప్పుల వంక చూశాను.
వచ్చి, అరచేతిలో బోల్టు పెట్టి చూపించాడు.
"మర కొరికిందమ్మా. వంకర వెట్టి గన్నుతోని తిప్పిండు.
బోల్టు ముందుగాల చేత్తోని మూడు చుట్లు తిరగాలె.
తిరగకుంటే తియ్యాలె, మళ్ల వెట్టాలె. గంతే పని."
"దానికెంతసేపు?"
"రెండు నిమిషాలు."

నలభై ఆరు వేలు.

తిట్లన్నీ వరసగా పేర్చుకుని వెళ్లాను.
వినీల్ అని బిళ్ల ఉంది, వినీల్ లేడు.
మూతి మీద ఇప్పుడే నూగు మొలుస్తున్న ఇంకో పిల్లాడు.
"ఆ అన్న మానేసిండు మేడమ్.
బిళ్ల ఈడనే ఉంటది, ఎవలొస్తే వాళ్లు వెట్టుకుంటరు."
గడియారం వైపు ఒక కన్ను వేసే ఉంచాడు.
కుర్చీలో కాఫీ తాగుతున్న ఒకాయనకి
చూపించడానికి తీసుకెళ్తున్నాడు ఫిల్టరు.
అంచున పసుపు మరక.
"అది మీది కాదు సార్" అన్నాను.
అంతకు మించి తిట్లేవీ నోటికి రాలేదు.

ఆ రాత్రి తొమ్మిదింటికి షాపులో జనం.
"జల్ది ఇయ్యమ్మా, బస్సు పోతది."
డాక్టరు గీతల్లో ఒకే అక్షరం తేడాతో రెండు మందులు,
ఒకటి షుగరుకి, ఒకటి నొప్పులకి.
చెయ్యి అలవాటుగా అరవైపు వెళ్లిపోయింది.
నా తెల్లకోటు మీద కూడా ఒక బిళ్ల ఉంది.
ఇన్నేళ్లలో ఎన్నిసార్లు
గన్ను పెట్టి తిప్పేశానో.
చెయ్యి వెనక్కి తీసుకుని ఆసుపత్రికి ఫోన్ చేశాను.
అవతల ఎత్తేదాకా అందరూ గొణిగారు.
బస్సు వెళ్లిపోయిందట కూడా.

బాలనర్సు చెప్పిన మందు ఒకటే:
"రాత్రి బండి కింద అట్ట పరువు. పొద్దుగాల సూడు."
సెలైన్ డబ్బా కోసి పరుస్తున్నాను.
పేపరు కంటే ముందు దాన్నే చదువుతాను.
ఎన్నాళ్లుగానో ఏమీ రాసి ఉండటం లేదు.

ఇవాళ ఒక చుక్క ఉంది.
సెల్లార్లో గొంతుక్కూర్చుని
వేళ్ల మధ్య రుద్ది చూస్తున్నాను,
ఏసీ నీళ్లా, జారుతోందా.
వాచ్‌మన్ మల్లేశం వంగి అడిగాడు
"ఏం వోయిందమ్మా?"
ఉండు, అన్నాను.
ఇంకా తెలీదు.